సూది తగలని రవిక

మొన్న పక్కింటి కోడలు గోడ మీదుగా పలకరించి ఒక సంగతి అడిగింది. వాళ్ళ అత్తగారి శాలువలు, స్వెట్టర్లు పెట్టెలోంచి తీస్తోందట, ముక్కిన వాసన కొడుతున్నాయట, ఉతకాలా అని. ఉతకొద్దు, మూడు పూటలు ఎండలో వెయ్యి, మూడో పూట తిరగెయ్యి, కలరా ఉండలు ఊలు గుడ్డకి నేరుగా తగలనీకు, పాత నూలుగుడ్డలో మూటగట్టి పెట్టె మూలకి తొయ్యి అని చెప్పాను. చెప్పి లోపలికొచ్చి కూర్చున్నాక తట్టింది. ఆ మాటలు నావి కావు. ఆ మాటలన్న మనిషి పోయి యాభై ఏళ్ళు దాటింది. అవే మాటలు, అదే వరసలో, నా నోట్లోంచి వచ్చాయి.

ఆవిడ మా ఆయనకి అమ్మమ్మ. నేను రేపల్లెలో ఆ ఇంటికి కాపురానికి వెళ్ళేటప్పటికి మా అత్తగారు లేరు. మామగారూ లేరు. మా ఆయన్ని చిన్నప్పటినుంచీ ఆవిడే పెంచింది. అరవైల్లో మాట. ఇంట్లో ముగ్గురమే. నేను అమ్మమ్మగారూ అనేదాన్ని. ఆవిడ నన్ను అమ్మాయ్ అనేది, కోపమొస్తే బాపట్లదానా అనేది. మా పుట్టిల్లు బాపట్ల. అక్కడ క్రైస్తవ మిషన్ వాళ్ళ బడిలో మూడో తరగతి వరకూ చదివి మానేశాను. ఆ బడిలో నాకు గట్టిగా వచ్చింది ఒకటే, కుట్టుపని.

మనిషి పొట్టి. వెడల్పు పాదాలు. తెల్లచీర, రవిక లేదు. భర్త పోయిన రోజున తీసేసిందట, మళ్ళీ తొడగలేదు. అప్పట్లో మా వాళ్ళలో ఆ వయసు ఆడవాళ్ళు చాలామంది అలాగే ఉండేవాళ్ళు, ఎవరూ వింతగా చూసేవాళ్ళు కాదు. ఆవిడ మాట్లాడేటప్పుడు ఎడం అరచెయ్యి రొమ్ము ఎముక మీద పెట్టుకునేది. లోపల ఉన్న దేన్నో బయటికి రాకుండా పట్టుకున్నట్టు ఉండేది. ఉబ్బసం మనిషి.

ఇంట్లో చలి అన్న మాట అనకూడదు. ఇది నేను వెళ్ళిన మొదటేడు తెలిసింది. కార్తీకమాసంలో ఒక ఉదయం బావి దగ్గర, అబ్బ చలేస్తోంది అన్నాను. ఆవిడ వంటింట్లోంచి బయటికొచ్చి నా నోటి మీద చెయ్యి పెట్టింది. కొట్టలేదు, ఊరికే పెట్టింది. "పేరెట్టి పిలవకు. వస్తుంది" అంది. ఆవిడ ఎప్పుడూ 'అది' అనేది. దాని రోజులు వస్తున్నాయి, అది కాలవ దాటింది, ఇవాళ అది పెరట్లో తిరుగుతోంది, ఇలాగే ఉండేవి మాటలు. నాకు పద్దెనిమిదేళ్ళు. మొదట్లో నవ్వుకున్నాను. కానీ మబ్బు పట్టిన సాయంత్రం ఒక్కదాన్నే దొడ్లోకి వెళ్ళాల్సొస్తే వెనక్కి చూసుకుంటూ వెళ్ళేదాన్ని.

గాలి మళ్ళితే ఇంట్లో అందరికంటే ముందు ఆవిడకి తెలిసేది. ఉత్తరపు గాలి మొదటిసారి తగలగానే చేస్తున్న పని ఆపేసి, చెవి పక్కకి వంచి నిలబడేది. ఇక ఆ మర్నాడే పెట్టెలు తెరవడం.

పెట్టెలు తెరవడమంటే మా ఇంట్లో మూడు రోజుల పని. నాది మొయ్యడం, ఆవిడది చూడటం. ప్రతి గుడ్డా ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. ఇది చాకలి నీడన ఆరేశాడు, ఇది తడిగా ఉండగానే మడతపెట్టావు అని చెప్పేసేది, తప్పేది కాదు. బొంతని ఎండకెత్తి పట్టుకుని చిల్లులు వెతికేది. చిల్లులో చిటికెన వేలు దూరితే మాసిక, బొటనవేలు దూరితే అతుకు. మాసికకి కొత్త దారం వాడనిచ్చేది కాదు, బొంతకి వాడిన పాతచీర అంచులోంచే పోగులు లాగమనేది. పొదుపులో నేనూ తక్కువదాన్ని కాను, కానీ ఆవిడ దగ్గర నేను దుబారా మనిషిని. ఆరేసిన గుడ్డల్ని ఎవరైనా దాటితే ఒప్పుకునేది కాదు. చుట్టూ తిరిగి రావాలి. సాయంత్రం తలుపు వేసేటప్పుడు ఒకటే మాట, రోజూ అదే: "లోపలున్న వాళ్ళని లెక్కెట్టి వెయ్యి." ముగ్గురమే కదండీ అంటే, "ముగ్గురే కదా అని ఊరుకుంటే ఇద్దరవుతారు" అనేది.

ఎవరికేది అన్నది కూడా ఆవిడే పంచేది. మందపాటి దుప్పటి మా ఆయనకి. ఆయన కోతల కాలంలో భట్టిప్రోలు దగ్గర మా పొలంలోనే ఉండేవాడు, కుప్పలు నూర్చి ధాన్యం ఇంటికి చేరేదాకా. రెండు పొరల బొంత నాకు. ఆవిడ సొంత ట్రంకు పెట్టెలో ఒక నల్లకంబళి, ఒక ఎర్రశాలువ ఉండేవి. అవీ ఎండలో వేసేది, దులిపేది, కొత్త వేపాకు పెట్టేది, మళ్ళీ అదే పెట్టెలో పెట్టి మూత వేసేసేది. కప్పుకునేది మాత్రం ఒక పాత పంచె. అది కూడా నడుం దాకానే.

నాకు అర్థమయ్యేది కాదు. దాచిన కంబళి ఎవరికోసం అని ఒకసారి అడిగాను. ఎవరికోసమూ కాదు, దాని కంటికి కనబడకుండా అంది.

రెండో ఏడు పుష్యమాసంలో ఆవిడకి ఊపిరి ఆడలేదు. మూడు రోజులు మంచం మీద కూర్చునే ఉంది. పడుకుంటే గాలి అందదు. ముందుకి వంగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆన్చి, గొంతులో పిల్లికూతలు. కంబళి కప్పబోతే ఆ స్థితిలో కూడా తోసేసింది. ఆ మూడు రోజులూ నేను గోడకి ఆనుకుని కూర్చుని, తర్వాతి ఊపిరి వస్తుందా రాదా అని చూశాను. అంతకంటే భయం నాకు అంతవరకూ తెలీదు.

అందుకని మూడో ఏడు కార్తీకంలోనే తెనాలి తీసుకెళ్ళి చూపించమన్నాడు మా ఆయన. అప్పటికి నాకు ఆడపిల్ల. బాపట్లలో పురుడు పోసుకుని మూడో నెల వెళ్ళాక తిరిగొచ్చాను. పిల్లని చంకనేసుకుని, ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని, పొద్దున బండికి తెనాలి వెళ్ళాం. డాక్టరుగారు వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. లోపల ఏం తొడుక్కుంటారమ్మా అని అడిగాడు. ఆవిడ గోడ వైపు చూసింది. ఏమీ తొడుక్కోరండి అని నేనే చెప్పాను. ఆయన నన్ను పక్కకి పిలిచాడు.

"మందులు నేనిస్తాను. ఆ ఛాతీకి వెచ్చదనం మాత్రం మీరే చూడాలి. మెడ నుంచి నడుం దాకా, చేతులతో సహా. ఈ శీతాకాలం కూడా ఇలాగే వదిలేశారనుకోండి, పుష్యం దాటించడం నా వల్ల కాదు."

బజారులో రెండు గజాల ఫ్లానెలు తీసుకున్నాను. ఒక చివర రంగు మచ్చ ఉన్న ముక్క చూసి బేరమాడాను, మచ్చ లోపలికి పోతుంది కదా. బండిలో ఆ పొట్లాం ఆవిడ పక్కన పెడితే, కొంచెం కొంచెంగా జరిగి బల్ల చివరికి పోయింది. రేపల్లె వచ్చేదాకా దాని వంక చూడలేదు.

ఇంటికొచ్చాక సంగతి తేల్చేసింది. మొగుడు పోయినదాన్ని, కుట్టిన గుడ్డ ఒంటి మీద వేసుకోను, చచ్చాక కూడా వెయ్యకండి అంది. మా ఆయన పొలానికి వెళ్ళిపోయాడు. ఊళ్ళో ఎవరిని అడిగినా, ఆవిడ చెప్పింది న్యాయమే అనేవాళ్ళు.

నేను రెండు రోజులు ఆలోచించాను. కుట్టిన గుడ్డ వద్దు, సరే. కుట్టకుండా చేస్తే? ఫ్లానెలుని మధ్యకి మడిచి, మడత దగ్గర తల పట్టేంత రంధ్రం కత్తిరించాను. పక్కల్లో అటూ ఇటూ చిన్న చిల్లులు కోశాను. అదే గుడ్డ అంచు సన్నగా పీలికలు చించి, చిల్లుల్లోంచి దూర్చి ముడులు వేశాను. చేతులకి వేరే రెండు ముక్కలు, భుజం దగ్గర ముడులు, చంక కింద ముడులు. మొత్తం ముప్పయ్యో నలభయ్యో ముడులు. సూది ముట్టుకోలేదు. మిషన్ బడిలో చీమల బారులా సన్నకుట్టు కుట్టి మెప్పు పొందినదాన్ని, ఆ ముడుల గుడ్డ చూస్తే నాకే సిగ్గేసింది. కానీ వెచ్చగా ఉంది.

మధ్యాహ్నం పెరట్లో ఎండలో కూర్చుని ఉంటే ఒళ్ళో పెట్టాను. తిరగేసింది, బోర్లేసింది, ముడి ముడికీ వేలు పెట్టి చూసింది. దారం ఎక్కడా దొరకలేదు. వాసన చూసింది. తర్వాత చెప్పింది. అంతకు ముందు ఆ మాటలు ఎవరికీ చెప్పినట్టు లేదు, మా ఆయనకి కూడా.

ఆ నల్లకంబళి ఆవిడ భర్త తెచ్చాడట. ఆవిడకి జ్వరంగా ఉందని తెచ్చి, తనే కప్పి, తను పక్కన చాప మీద పడుకున్నాడు. ఆవిడకి తగ్గింది. ఆయనకి సన్నిపాతం కమ్మింది, తొమ్మిదో రోజున పోయాడు. ఎర్రశాలువ ఆ తర్వాత. అడవులదీవిలో చుట్టాల పెళ్ళికెళ్ళి ఎడ్లబండిలో వస్తూ తను శాలువ కప్పుకుని కునుకు తీసింది. ఆరేళ్ళ కొడుకు గడ్డిలో దూరి పడుకున్నాడు. మంచుకి తడిసిపోయాడు. వారం తిరక్కుండా పోయాడు. ఇక మూడోది మా అత్తగారు. ఆ శాలువే ఒక తెల్లవారుజామున పెట్టెలోంచి తీసి, తను కప్పుకోబోతూ ఆగి, ముందు నువ్వు కప్పుకోమ్మా అని తల్లి భుజాల మీద వేసిందట. మా అత్తగారు ఆ పుష్యం దాటలేదు.

"అది వచ్చేది నా కోసమే. నేను వెచ్చగా ఉంటే, ఊరికే పోదు. పక్కనున్న వాళ్ళని పట్టుకుపోద్ది" అంది. మా ఆయన వెళ్ళిన దారి వైపు ఒకసారి చూసింది. తర్వాత నా ఒళ్ళో పిల్లని చూసింది. గుడ్డ నాకు తిరిగి ఇచ్చేసింది.

పిచ్చి మాటలు అన్నాను. జ్వరాలొచ్చి పోయారు, మీ కంబళి ఏం చేసింది అన్నాను. గట్టిగానే అన్నాను. రేపు పొద్దున తొడిగేస్తాను, మీ ఇష్టంతో పని లేదు అని కూడా అన్నాను.

మర్నాడు పొద్దున పిల్ల తుమ్మింది.

పసిపిల్లలు తుమ్ముతారు. అది నాకు తెలుసు. మధ్యాహ్నానికి ముక్కు కారింది, సాయంత్రానికి పాలు తాగుతూ తాగుతూ వదిలేసి ఏడ్చింది. మా ఆయన పొలంలో. ఆవిడ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి నన్ను చూస్తోంది. నేను లేచి, ఆ ముడుల రవిక తీసుకెళ్ళి నా పెట్టెలో చీరల అడుగున పెట్టాను.

ఎనిమిది రోజులు అక్కడే ఉంది. మా ఆయన మధ్యలో ఒక పూట వచ్చి అడిగితే, ముడులు ఊడాయి, మళ్ళీ వేస్తున్నానన్నాను. రెండోసారి వచ్చినప్పుడు, చేతులు సరిపోలేదన్నాను. ఆ అబద్ధాలు నన్ను అంతగా పీడించలేదు. ఆ ఎనిమిది రోజులూ ఒక గదిలో నా పిల్ల ఊపిరి, పక్క గదిలో ఆవిడ ఊపిరి, రెండూ వింటూ పని చేసుకున్నాను. పిల్లకి పడిశం తగ్గుతూ వచ్చింది. ఆవిడకి పిల్లికూతలు మొదలయ్యాయి. ఒకటి తగ్గుతుంటే ఇంకొకటి పెరగడం చూసి, చూశావా, ఆవిడ చెప్పిందే నిజం అని నాకు నేనే చెప్పుకున్నాను. అంత భయం పట్టాక మనిషికి ఏది కావాలంటే అది కనబడుతుంది.

తొమ్మిదో రోజు ఉదయం పిల్ల పొత్తిగుడ్డల కోసం నా పెట్టె తెరిచాను. రవిక చీరల అడుగునే ఉంది, కానీ మడత మారింది. నేను అంచులు బయటికి పెట్టి మడుస్తాను. అది అంచులు లోపలికి పెట్టి మడిచి ఉంది. ఆ ఇంట్లో అలా మడిచేది ఒక్కరే.

పెట్టె ముందు అలాగే కూర్చుండిపోయాను. ఆవిడ గుమ్మం పట్టుకుని, ఒక్కో మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటూ వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిడితే బావుండేది.

"మంచి చోటే పెట్టావు. అక్కడే ఉండనీ" అంది. "నేనూ పిల్లల్ని కన్నదాన్నే. నాకు తెలీదా."

వంగి నా తల మీద చెయ్యి వేసింది. నేను ఆ ఇంటికి వచ్చాక ఆవిడ నన్ను అలా ముట్టుకోవడం అదే మొదలు. మూడేళ్ళు చాకిరీ చేసినా రాని మెచ్చుకోలు అది. నేను ఆవిణ్ణి రోజుకింత చంపుతున్నాను, దానికి ఆవిడ నన్ను మెచ్చుకుంటోంది. పెట్టెలో ఏదో పురుగు చేతి మీదకి పాకినట్టు లేచాను.

రవిక తీశాను. ఆవిడ వెనక్కి జరిగింది. వద్దంటే వద్దంది, పెనుగులాడటానికి గాలి లేదు కానీ చేతులు రెండూ కట్టుకుని గోడకి ఆనుకుపోయింది. బతిమాలాను, కోప్పడ్డాను. ఇక నాకు ఏం తోచిందో, ఉయ్యాల్లోంచి పిల్లని ఎత్తుకున్నాను. తల మీద ఊలు టోపీ లాగేశాను. చుట్టిన గుడ్డ విప్పేశాను. నా భుజం మీద కొంగు కూడా తీసి నడుంలో దోపి, వెళ్ళి పెరటి తలుపు బార్లా తీశాను. ఉత్తరపు గాలి నేరుగా ఇంట్లోకి వచ్చింది. పిల్ల ఒళ్ళంతా ముడుచుకుని, ఏడవడానికి నోరు తెరిచి, ఏడుపు రాక అలాగే ఉండిపోయింది.

"ఇప్పుడు అందరం ఒక్కలాగే ఉన్నాం అమ్మమ్మగారూ. ఎవర్ని పట్టుకుపోద్దో పట్టుకుపోనివ్వండి. మీరు తొడుక్కుంటేనే నేను తలుపు వేసేది."

ఆవిడ తొడుక్కోకపోతే ఏం చెయ్యాలో నాకు తెలీదు. ఒకటి, రెండు, మూడు అని నా గుండె లెక్క పెడుతోంది. ఆవిడ నా మొహం చూడలేదు. పిల్ల పెదాలు చూసింది. నల్లబడుతున్నాయా అని చూసినట్టుంది. గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది, మాట కాదు. గోడ వదిలేసి రెండు చేతులూ ముందుకి చాపింది.

తలుపు కాలితో తోసేశాను. ముందు పిల్లకి చుట్టాను, టోపీ పెట్టాను. అది పూర్తయ్యేదాకా ఆవిడ చేతులు దించలేదు. తర్వాత తల మీంచి రవిక వేశాను, చేతులు ఎక్కించాను, పక్క ముడులు ఒక్కొక్కటే బిగించాను. కళ్ళు మూసుకుని ఉంది. ఎముకలు చేతికి తగులుతున్నాయి. ఒళ్ళు చెరువు నీళ్ళలా ఉంది. ఆఖరి ముడి వేసి లేవగానే నా చెంప మీద ఒక దెబ్బ కొట్టింది. ఆ బలం ఎక్కడినుంచి వచ్చిందో. "పాలిచ్చే తల్లివేనా నువ్వు" అంది. అది న్యాయమైన దెబ్బ. ఇప్పటికీ అలాగే అనుకుంటాను.

ఆ తర్వాత నెలా పదిహేను రోజులు మా ఇంట్లో ఎవరికీ నిద్ర సరిగ్గా లేదు. ఆవిడ ఉయ్యాల పక్కనే పీట వేసుకుని కూర్చుంది. నిమిషానికోసారి పిల్ల ముక్కు కింద వేలు పెట్టి చూసేది. పిల్ల చివరికి ఆ వేలికి అలవాటుపడి, అది రాగానే మొహం తిప్పుకునేది. నూర్పిళ్ళయి మా ఆయన ఇంటికొచ్చి గుమ్మంలో దగ్గాడు. పొట్టు దుమ్ముకి వచ్చిన దగ్గు. మేమిద్దరం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. ఆ నాలుగు రోజులూ, దగ్గు పోయేదాకా, ఆయనకి ఏమీ చెప్పలేదు. చెబితే నవ్వేవాడు.

ఎవరూ పోలేదు. మాఘం వచ్చింది. ఆవిడ రవిక విప్పించుకుని, వాసన చూసి, మూడు పూటలు ఎండలో వేయించి, తన చేత్తోనే అంచులు లోపలికి మడిచింది. పిల్లికూతలు ఆ ఏడు ముదరలేదు.

ఇంకా ఆరు శీతాకాలాలు ఉంది. ప్రతి ఏడూ అదే తంతు. ముందు పిల్లకి, తర్వాత పుట్టిన పిల్లాడికి, మా ఆయనకి, నాకు. ఒక్కొక్కరి వీపు మీద, కాళ్ళ మీద చెయ్యి పెట్టి చూసుకునేది. అందరికీ కప్పి ఉందని తేలాక అప్పుడు కళ్ళు మూసుకుని చేతులు చాపేది. తన చేత్తో ఒక్కసారి కూడా వేసుకోలేదు. 'అది' అంటే ఉన్న భయం పోయిందని నేననను. భయపడుతూనే వేసుకుంది. ఆ ఆరేళ్ళలో ఒక్క ఏడైనా ధైర్యంగా ఉన్న మొహం నేను చూడలేదు. డెబ్బైల మొదట్లో రోహిణీకార్తె ఎండల్లో, గాలి కదలని మధ్యాహ్నం, నా చేతిలో మజ్జిగ తాగి పోయింది.

నేను ఇలాంటివి నమ్మను. జ్వరాలు, మంచు, సరైన మందు లేకపోవడం, అంతే. పిల్లలకి అలాగే చెప్పాను, మనవలకీ అలాగే చెప్తాను.

నా కొడుకు గుంటూరులో ఉంటాడు. నాలుగేళ్ళ కిందట నాకొక స్వెట్టరు కొనిచ్చాడు, మంచిదే. మార్గశిరం సగం గడిచినా నేను దాన్ని తియ్యకపోతే కోడలు అందరితో అంటుంది, అత్తయ్యకి కొత్తది మాసిపోతుందని బాధ, ప్రాణం పోయినా తొడుక్కోరు అని. అననీ. పీనాసిననిపించుకోవడం నాకు కొత్త కాదు, తేలిక కూడా. ఉత్తరపు గాలి మళ్ళిన రోజున ఫోను చేసి, పిల్లలు వెచ్చగా ఉన్నారా అని అడుగుతాను. ఉన్నారత్తయ్యా అంటుంది. ఊరికే అనకు, వెళ్ళి చూసి చెప్పు అంటాను. విసుక్కుంటూ వెళ్ళి చూసొచ్చి, ఇద్దరూ వేసుకున్నారు అని చెప్తుంది. మా అమ్మాయికీ ఫోను చేస్తాను, అదీ చూసొచ్చి చెప్తుంది.

అందరూ వేసుకున్నారని విన్నాక కూడా, స్వెట్టరు ఒళ్ళో పెట్టుకుని కాసేపు ఆగుతాను.